డ్రమ్ము చుట్టూ ప్రదక్షిణలు

"గడ్డం ఇక్కడ ఆనించండమ్మా. నుదురు ఆ పట్టీకి తగలాలి. రెప్ప కొట్టకుండా నా చెవి వైపు చూడండి" అన్నాడు కంటి డాక్టరు.

గడ్డం ఆనించాను. నుదురు తగిలించాను. చెవి అనే మాట వినగానే ఫక్కున నవ్వేశాను. డాక్టరు పాపం చిన్నవాడు, హిందూపురంలో ఈ మధ్యే ఆసుపత్రి పెట్టుకున్నాడు. శుక్లం ముదిరిందని చెబితే దిగులు పడేవాళ్లను చూసుంటాడు గాని, మిషను మీద గడ్డం పెట్టి నవ్వేవాళ్లను చూసినట్లు లేదు.

"ఏమైందమ్మా?"

"ఏం లేదు నాయనా. ఈ మిషన్లో వెలుతురు ఎక్కడినుంచి వస్తోంది? ఎక్కడికి పోతోంది?"

ఆ ప్రశ్న నాది కాదు, మేడమ్‌ది. ఆ పిల్లవాడు విసుక్కోలేదు. పైగా మొహం వెలిగించుకుని చెప్పాడు. దీపం ఒకచోట ఉందట, బుల్లి అద్దం దాని వెలుతురును మళ్లించి సన్నటి గీత చేసి నా కంట్లోకి పంపుతుందట, అది లోపల తిరిగి వెనక్కి వచ్చి రెండు గొట్టాల్లోని కటకాల మీదుగా తన కళ్లకు చేరుతుందట. మేడమ్ ఉండుంటే ఆ పూట అతన్ని ఇంకో పేషెంటును చూడనిచ్చేది కాదు. స్క్రూడ్రైవరు అడిగి ఉండేది.

ఆమె పోయి రెండేళ్లు దాటింది. ఎక్కడ పుట్టింది, ఎంత సర్వీసు చేసింది, ఎలా పోయింది అనేవి సంతాప సభలో ప్రిన్సిపాల్ చదివేశాడు. అందులో ఆమె ఎక్కడా కనబడలేదు. నాకు తెలిసిన మేడమ్ హిందూపురంలో మా పక్కింట్లో ఉండేది, ఒక అరిగిపోయిన తారు డ్రమ్ము చుట్టూ తిరుగుతూ ఉండేది, మనిషిని కోడి చూసినట్లు చూసేది.

కోడి అనడం అమర్యాద కాదు. పెనుకొండలో మేమిద్దరం పనిచేసిన కాలేజీలో పిల్లలు ఆమెకు పెట్టిన పేరే అది, కోడి మేడమ్. ఆమె ఫిజిక్సు, నేను తెలుగు. ఎవరైనా కొత్తవాళ్లు ఎదురుపడితే కుడి కంటిని అరచేత్తో మూసి, తల పక్కకు తిప్పి, ఎడమ కంటితో ఓరగా కాసేపు చూసేది. ఆ తర్వాతే మాట. నేను ఉద్యోగంలో చేరిన రోజు నన్నూ అలాగే చూసింది. "తెలుగమ్మా, ఈ కంటితో చూస్తే నీకు ముఖం లేదు. కమ్మలు మాత్రం బాగుండాయి" అంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఇదేం మనిషిరా దేవుడా అనుకున్నాను. ఎడమ కంట్లో నడిమధ్య బొట్టుబిళ్లంత మసక ఉందని, సూటిగా చూసినదల్లా ఆ మసకలో పడిపోతుందని, చుట్టుపక్కలవి మాత్రమే కనబడతాయని అప్పటికి నాకు తెలియదు. ఆ తర్వాత ఆమె నన్ను పేరుతో పిలిచింది లేదు. నేనూ ఆమెను అక్కా అనడం మొదలుపెట్టాను.

రోజూ హిందూపురం నుంచి పెనుకొండకు బస్సులో పోయేవాళ్లం. నాకు కిటికీ పక్కన కునుకు కావాలి, ఆమెకు డ్రైవరు వెనక సీటు కావాలి. డ్రైవరు పక్కనుండే అద్దం ఎందుకు ఉబ్బెత్తుగా ఉంది, అందులో వెనకొచ్చే లారీ ఎందుకు చిన్నగా కనబడుతుంది, ఆ లారీ కనబడేదానికన్నా ఎంత దగ్గర్లో ఉందో డ్రైవరుకు ఎలా తెలుస్తుంది అని అతన్నే అడిగేది. "మేడమ్, నన్ను బండి తోలనీ తల్లీ" అనేవాడు అతను. పంటి డాక్టరు నోట్లో పెట్టే గుంట అద్దం, గడియారాలు బాగుచేసే ఆయన కంటికి బిగించుకునే భూతద్దం, పెళ్లిళ్లలో ఫొటోగ్రాఫరు మెడలోని కెమెరా, దేన్నీ వదిలేది కాదు. ఎక్కడైనా గాజు మెరిస్తే చాలు, ప్రశ్న తయారు: "వెలుతురు యాడ్నుంచి వస్తాంది? యాడికి పోతాంది? ఈ రెండూ చెప్పు చాలు, మిగతాది నేను చూసుకుంటా."

ఒకసారి పెనుకొండ కొండ మీదికి ఆడపిల్లల్ని అరచేతి అద్దాలిచ్చి ఎక్కించింది. మిగతావాళ్లను కాలేజీ మైదానంలో నిలబెట్టింది. పైనుంచి ఎండను అద్దంతో మళ్లించి కిందికి కొట్టాలి, కింద వాళ్లు జవాబివ్వాలి. సంగతి తెలిసి ప్రిన్సిపాల్ మండిపడుతూ వచ్చాడు.

"ఏం మేడమ్, ఆడపిల్లల్ని కోట మీదికి పంపి ఈడ ఏం చేస్తాండారు?"

"ఆ పక్క చూడండి సార్."

కొండ కొమ్ము మీద చుక్క పొడిచినట్లు తళుక్కుమంది. ఆగింది. మళ్లీ తళుక్కుమంది. ప్రిన్సిపాల్ నోరు తెరుచుకుని చూశాడు. తర్వాత జేబులోంచి దువ్వెన, దానితోపాటు బుల్లి అద్దం తీశాడు. తల మీద నాలుగు వెంట్రుకలు లేని మనిషి జేబులో దువ్వెన ఉంటుందని మాలో ఎవరమూ అనుకోలేదు. ఆయన ఎండకు అద్దం పట్టి కొండకు జవాబు కొట్టాడు. పైనుంచి ఆడపిల్లల కేకలు మైదానం దాకా వినిపించాయి.

ఎడమ కన్ను ఎలా చెడిందో ఆమె చెప్పింది ఆ బస్సులోనే. వచ్చే శీతాకాలంలో సూర్యగ్రహణం పట్టబోతోందని, మన వైపు సూర్యుడు కొడవలంత మిగులుతాడని నా చేతిలోని పేపర్లో ఉంది. అది చూసి ఆమె డ్రైవరును అడుగుతున్న ప్రశ్నను మధ్యలోనే వదిలేసి పేపరు లాక్కుంది. ఆమె ప్రశ్నను వదిలేయడం వింత, అందుకే కునుకు మాని కూర్చున్నాను.

ఆమెది ధర్మవరం, మగ్గాల ఇల్లు. చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఇలాగే పెద్ద గ్రహణం పట్టింది. మగ్గాలు ఆపేసి, వీధి వీధంతా తలుపులు మూసి లోపల కూర్చున్నారు. నాయన ఆడపిల్లల్ని గదిలో పెట్టి గొళ్లెం వేశాడు. ఈమె తలుపు సందుకు ఎడమ కన్ను ఆనించి సూర్యుడు తరిగిపోవడం తనివితీరా చూసింది. నొప్పేమీ లేదట. సాయంత్రానికి అవ్వ ముఖం మధ్యలో మసక కనబడింది. అది మళ్లీ పోలేదు.

"కన్ను పోయినందుకు కాదు తెలుగమ్మా నా బాధ" అంది. "ఆ పొద్దు నుంచి మా వీధిలో గ్రహణం వస్తే చాలు, నన్ను పిలిచి నిలబెట్టి, ఈ పిల్ల కన్ను చూడండి, గ్రహణం తినేసినాది అని చూపించేవాళ్లు. నా చెల్లెళ్లు, వాళ్ల పిల్లలు, అందరికీ నా కన్నే తాళం. తినింది గ్రహణం కాదు. ఎండను అడ్డమేమీ లేకుండా కంట్లో పోసుకున్నా, లోపలి తెర కాలింది. మా నాయన తలుపు మూసినాడుగాని ఎట్ల చూడాలో చెప్పలేదు. చెప్పేదానికి ఆయనకు మాత్రం ఎవరు చెప్పినారు?"

బస్సు దిగేలోపల నిర్ణయం అయిపోయింది. రాబోయే గ్రహణాన్ని ఆ ఎడమ కంటితోనే చూస్తుంది. మా వీధిలో ఆడవాళ్లందరికీ చూపిస్తుంది. ఒక్కరి కన్ను కూడా చెడకూడదు. "ఒక్క పిల్ల కన్ను నలిగినా నేను బతికినంత కాలం వాళ్లు చెప్పిందే నిజమైపోతాది" అంది.

నల్ల కళ్లద్దాలు దొరుకుతాయి కదా, తలా ఒకటి పంచితే పోలేదా అన్నాను. నా వైపు కోడిచూపు చూసింది. "మన ఎదురింటి రంగమ్మవ్వ గ్రహణం పూట గడప దాటి బయటికి వస్తాదా? వాళ్లు రారు. సూర్యుణ్ణే లోపలికి తేవాల."

సూర్యుణ్ణి లోపలికి తెచ్చే సాధనం కొనడం ఆమెకు ఇష్టం లేదు. కొన్నదాన్ని జనం నమ్మరట, కళ్లముందు తయారైనదాన్ని నమ్ముతారట. బెంగళూరు పాత సామాన్ల అంగట్లోంచి జానెడు వెడల్పున మందపాటి గాజుబిళ్లలు రెండు తెచ్చింది. వాకిట్లో తారు డ్రమ్ముకు ఇసుక నింపి, దాని మీద ఒక బిళ్లను కదలకుండా బిగించింది. పైన నల్లటి గరుకు పొడి, నీళ్లు. ఆ పైన రెండో బిళ్ల. దాన్ని రెండు చేతులతో ముందుకు తోసి, వెనక్కి లాగి, కొంచెం తిప్పి, ఒక అడుగు పక్కకు వేయాలి. మళ్లీ తోయాలి, లాగాలి, అడుగు వేయాలి. అలా డ్రమ్ము చుట్టూ తిరుగుతూ ఉంటే పై బిళ్ల మెల్లగా గుంట పడుతుంది, కింది బిళ్ల ఉబ్బుతుంది. గుంట సరిగ్గా వస్తే అదే దూరదర్శిని అద్దం, దూరం నుంచి వచ్చిన వెలుతురునంతా ఒకచోటికి చేరుస్తుంది. కాలేజీ నుంచి రాగానే కొంగు దోపి గర గర మొదలుపెట్టేది. నా మధ్యాహ్నపు నిద్రలు ఆదివారాలతో సహా మట్టిగొట్టుకుపోయాయి.

ఇక మా వీధి ఆడవాళ్ల వైపు నుంచి చూడండి. కన్ను చెడిన మనిషి. ఉదయం సాయంత్రం స్నానం చేసి వచ్చి ఒక పీఠం చుట్టూ కుడివైపుగా తిరుగుతోంది. నోట్లో లెక్క పెట్టుకుంటోంది. పలకరిస్తే మధ్యలో పలకడం లేదు. కొన్నాళ్లకు ఆ గాజు మీద ఎర్రటి పొడి కూడా ప్రత్యక్షమైంది. అది గాజుకు మెరుగుపెట్టే పొడి. అయితే ఎవరికి ఎలా కనబడాలో అలా కనబడింది.

"కన్ను బాగు కావాలని సూర్యభగవానునికి మొక్కుకున్యాదంట" అని ఎదురింటి రంగమ్మవ్వ వీధంతా చెప్పింది. ఆవిడ ముందే మడి మనిషి, పైగా మనవరాలు సుజాత పురిటికి వచ్చి ఇంట్లో ఉంది. ఒక రోజు పొద్దున్నే డ్రమ్ముకు పసుపు పూసి, బంతిపూల దండ వేసి పోయింది. మేడమ్ చూసి నవ్వుకుంది. "డ్రమ్ముకు దండేస్తే నాకేం నష్టం? గాజు జోలికి రాకుంటే చాలు" అంది. కరుకు పని అయిపోయి మెరుగు పని నడుస్తోంది. ఆ సమయంలో ఇసుక రేణువు పడినా గీత పడుతుందని గుడ్డ కప్పి ఉంచేది.

దసరా సెలవులకు ఆమె నాయనను చూడడానికి ధర్మవరం పోయింది. తిరిగి వచ్చి గుడ్డ తీసేసరికి గాజు నిండా గీతలు. సందుల్లో నలిగిన బియ్యపు గింజలు, కుంకుమ. నేను గోడ ఇవతలి నుంచి చూస్తూనే ఉన్నాను. ఆమె అలాగే మెట్టు మీద కూలబడింది.

రంగమ్మవ్వ తనంతట తనే వచ్చింది, కాఫీ గ్లాసు పట్టుకుని. "నువ్వు ఊళ్లో లేవు గదమ్మా. మొక్కు మధ్యలో ఆగితే మంచిది కాదని నీ బదులు నేనే అక్షింతలేసి తిప్పినా. చేతులు పడిపోయినాయి తల్లీ."

అంత ప్రేమగా పాడుచేసిన మనిషిని ఎవరు తిడతారు? గ్రహణం చూస్తే దగ్గర పడింది. ఇక ఈ పని కాదక్కా, వదిలేయి అని చెప్పడానికి గోడ దాటి వెళ్లాను. అప్పటికి మేడమ్ భూతద్దం తీసి ఆ గీతల్నే చూస్తోంది. తల ఎత్తి అంది:

"అవ్వా, నువ్వు చిన్నప్పుడు రాగులు ఇసిరినావా?"

"ఇసరకుండా సంగటి యాడ్నుంచి వస్తాది? ఇసుర్రాయి నా చేతిలోనే అరిగినాది."

"అదీ. గీతలు పడితే పడినాయి గాని, ఒత్తిడి ఎంత సమంగా ఉండాదో చూడు తెలుగమ్మా. నాకు ఒకపక్క ఎక్కువ పడతాంది. అవ్వా, ఇది మొక్కు కాదు, అద్దం. నువ్వు చెడగొట్టినావు, నువ్వే బాగు చెయ్యాల. రేపట్నుంచి రా."

అవ్వ ఒక్కతే రాలేదు, వీధి వచ్చింది. మొక్కు కాదని మేడమ్ ఎన్నిసార్లు చెప్పినా కొందరు మొక్కుగానే తిరిగారు. ఆమె వాళ్లతో వాదించడం మానేసింది. "ఏమనుకోని తిరిగినా గాజు అరుగుతాది" అనేది. చేతులు మోచేతి దాకా కడుక్కోవాలి అంటే కడుక్కున్నారు. గాజులు తీయాలి అంటే మాత్రం గొడవైంది. ముత్తైదువలు చేతి గాజులు తీసేది లేదన్నారు, గాజు పెంకు పడితే అద్దం పోతుందని మేడమ్ పట్టుబట్టింది. చివరికి మూలింట్లో బట్టలు కుట్టే షమీమ్ ఒక ఉపాయం చెప్పింది. "ఏలమ్మా తీసేది? చేతికి సంచి నేను కుట్టి ఇస్తా ఉండు" అని మణికట్టు నుంచి మోచేతి దాకా ఎలాస్టిక్ వేసిన గుడ్డ తొడుగులు కుట్టి ఇచ్చింది. లోపల గాజులు గలగల, బయట ఒక్క పెంకు రాలేది కాదు. అవి వేసుకుని తనూ తిరిగింది. ఎనిమిదో నెల కడుపుతో సుజాత కుర్చీలో కూర్చుని నీళ్లు చిలకరించేది. నేను కూడా తిరిగాను, ఎందుకు అబద్ధం, రెండో రోజుకే నడుం పట్టేసి లెక్కపెట్టే పనికి మారాను.

గుంట సరిగ్గా వచ్చిందో లేదో చూడడానికి ఆమె దగ్గర ఒక పద్ధతి ఉండేది. చీకటి గదిలో అద్దాన్ని నిలబెట్టి, సూదిమొనంత వెలుతురును దాని మీదికి పంపి, తిరిగి వచ్చే వెలుతురుకు గడ్డం బ్లేడు అడ్డం పెట్టి చూడాలి. అప్పుడు అద్దం మీది ఎత్తుపల్లాలు నీడలుగా కనబడతాయి. పుస్తకాల్లో దానికి పెద్ద పేర్లున్నాయిగాని, మా వీధికి ఆమె చెప్పింది ఇంతే: "ముందు దోసె మాదిరి చదునుగా కనపడాల. తర్వాత నడుమ గుంట పడి, చుట్టూ ఉబ్బి, వడ మాదిరి కనపడాల. వడ వచ్చిందంటే మనం గెల్చినట్ల."

ఇక చూడండి. పాలు పోసే మనిషి, చెత్తబండి అమ్మాయి, బడికి పోయే పిల్లలు, అందరిదీ ఒకటే మాట. "వడ వచ్చిందా మేడమ్?" "ఇంగా దోసే" అనేది ఆమె. ఒకరోజు "బోండా అయింది, ఎక్కువ తిప్పినారు" అని అందర్నీ తిట్టి పని వెనక్కి తిప్పించింది. ఆ వారం రోజులూ రంగమ్మవ్వ నాతో కూడా సరిగా మాట్లాడలేదు. చివరికి ఒక సాయంత్రం గదిలోంచి ఆమె కేక వినిపించింది. ఒకరి తర్వాత ఒకరం లోపలికి పోయి బ్లేడు పక్కన కన్ను పెట్టి చూశాం. బూడిదరంగు వడ, నడుమ చిల్లుతో సహా. ఆ రాత్రి భోజనాలకు రంగమ్మవ్వ ఇంట్లో నూనె మూకుడు పెట్టారు. వీధంతా వడలే.

అద్దానికి ఇల్లు కావాలి. మా వీధి చివర అంతకు ముందటి సంవత్సరం బోరు వేస్తే నీళ్లు పడలేదు, మిగిలిన కేసింగ్ పైపు ముక్క మురుగుకాలువ పక్కన పడి ఉంది. దాన్ని కడిగి తెచ్చింది. అడుగున మన గుంట అద్దం, మూతి దగ్గర ఏటవాలుగా ఒక చిన్న చదును అద్దం, పైపుకు పక్కన చిల్లు పెట్టి అందులో కాలేజీలో మూలపడేసిన మైక్రోస్కోపు నుంచి తీసిన కటకం. సూర్యుడు పైపులోకి దిగుతాడు, గుంట అద్దం తగిలి పైకి చేరుకుంటాడు, చదును అద్దం తగిలి పక్కకు మళ్లుతాడు, కటకంలోంచి పెద్దవాడై బయటికొచ్చి గుడ్డ మీద పడతాడు. ఆమె వేలితో గాలిలో ఆ దారి గీస్తూ చెబుతుంటే సుజాత నవ్వి, "మా అత్తగారింటికి పోయే బస్సు కూడా ఇన్ని మలుపులు తిరగదు మేడమ్" అంది.

నాకు మాత్రం ఒక దిగులు పట్టుకుంది. అద్దం అంటే వెనకో ముందో వెండిలాంటి పూత ఉండాలి కదా. ఇది ఉత్త గాజు. పూత కోసం బెంగళూరు పంపితే గ్రహణం లోపల తిరిగి రాదు. ఇంత కష్టమూ గాజు పలకకేనా అని అడిగాను. ఆమె కళ్లు మెరిశాయి, రెండూ.

"పూత ఉంటే పైపులో వచ్చిందంతా వెనక్కి కొట్టి చిన్న అద్దం పగిలిపోతాది. ఉత్త గాజయితే సూర్యుని వెలుతురులో ఎక్కువ భాగం గాజులోంచి ఆవలికి దాటిపోతాది. ఏదో ఇంత మనకు తిరిగొస్తాది. సూర్యునికి ఆ కాస్త చాలు. పూత లేకపోవడమే మనకు కావాల్సింది తెలుగమ్మా."

గ్రహణం పూట తెల్లవారుజామున ధర్మవరం నుంచి ఆమె నాయన దిగాడు. ఎండిన చెరకుగడ లాంటి మనిషి. చంకలో పేపరు చుట్టిన కట్ట. విప్పితే తెల్లటి పట్టు, అంచు లేదు, బుటా లేదు, రంగు లేదు. సూర్యుడు పడే గుడ్డ తెల్లగా, ముడత లేకుండా కావాలని కూతురు అడిగిందట. జీవితమంతా పెళ్లిచీరలు నేసిన మగ్గం మీద దీన్ని నేశాడట. "ఇంత బోసి గుడ్డ నేను ఎప్పుడూ నేయలేదుమ్మా" అన్నాడు.

చూపించేది రంగమ్మవ్వ నడింట్లోనే. సుజాత గడప దాటకూడదు కాబట్టి. కడుపుతో ఉన్నది గ్రహణం చూస్తే బిడ్డకు మొర్రి వస్తుందని అవ్వ భయం. షరతులు పెట్టింది.

"తలుపులన్నీ మూయాల."

"మూయాల్సిందే అవ్వా."

"కిటికీలు కూడా. ఎండపొడ లోపల పడగూడదు."

"సందు లేకుండా మూయాల. నాకూ అదే కావాల."

అవ్వకు అనుమానం వచ్చింది. ఈ మనిషి ఇంత తేలిగ్గా ఒప్పుకోవడం ఆవిడ ఎప్పుడూ చూడలేదు. తూర్పు కిటికీకి గొర్రెబొచ్చు కంబళి కట్టి, దాని నడుమ నుంచి పైపు మూతిని బయటికి పెట్టి, చుట్టూ బిగించారు. పైపు కింద స్టూలు, స్టూలు మీద ఇసుక సంచి. పక్క గోడకు తెల్ల పట్టు. వీధిలో ఆడవాళ్లు, పిల్లలు నడింట్లో కిక్కిరిసిపోయారు. తలుపు వేసి నాయన దాని దగ్గరే నిలబడ్డాడు.

మొదట ఏమీ లేదు. బయట మంచు, మబ్బు. గ్రహణం పట్టే వేళ దాటింది. గోడ మీద చీకటే. ఎవరో దగ్గారు, ఏదో బిడ్డ ఏడ్చింది. "మబ్బు తీయదేమో" అని షమీమ్ గొణిగింది. మేడమ్ పైపు మీద చెయ్యి వేసి కదలకుండా నిలబడింది. అంత భయపడ్డ ఆమెను నేను ఎన్నడూ చూడలేదు. నాకు తెలిసిన దేవుళ్లందరికీ నేను మొక్కాను, అది మాత్రం నిజం మొక్కే.

అప్పుడు పట్టు మీద పాలలాంటి వెలుతురు కదిలింది. ఆమె కటకాన్ని వేళ్లతో సన్నగా తిప్పింది. మసక చిక్కబడింది, అంచు తేలింది, సైకిలు చక్రమంత సూర్యుడు గోడ మీదికి వచ్చి కూర్చున్నాడు. ఒక పక్క కొరికిన రొట్టెలా ఉన్నాడు.

నడిల్లు ఒక్కసారిగా అరిచింది. నేనూ అరిచాను. రంగమ్మవ్వ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది, వెంటనే దించి దగ్గరికి పోయి పట్టు మీద చెయ్యి పెట్టింది. సూర్యుడు ఆవిడ ముడతల చేతి మీద పడ్డాడు. "కాలలేదే! చల్లగా ఉండాడే!" అంది. "నువ్వు తిప్పిన అద్దమే అవ్వా" అని మేడమ్ చెప్పింది. ఆ తర్వాత ఆవిడే సుజాతను కుర్చీతో సహా ముందుకు జరిపించింది. "చూడు, బాగా చూడు. లోపలే గదా ఉండేది. తలుపులేసే గదా ఉండాయి" అని తనకు తానే నచ్చజెప్పుకుంది. పైపు జరిగినప్పుడల్లా సూర్యుడు గోడ మీంచి జారేవాడు, మేడమ్ సర్దగానే తిరిగి వచ్చేవాడు, పిల్లలు ప్రతిసారీ చప్పట్లు కొట్టేవాళ్లు. నల్లని ముద్ద ఎక్కి ఎక్కి వచ్చింది. చివరికి అంచున సన్నటి కొడవలి మిగిలింది.

తలుపు దగ్గర్నుంచి నాయన అడిగాడు. "ఏ కంటితో చూస్తాండావుమ్మా?"

అప్పుడు చూశాను. ఆమె కుడి కన్ను అరచేత్తో మూసి ఉంది. తల పక్కకు తిరిగి ఉంది.

"ఎడమ కంటితో నాయనా."

"కనపడతాందా?"

"కనపడతాంది. అంచు కనపడతాంది. కొడవలి మొత్తం కనపడతాంది. నడుమ నల్లగా ఉండాది." ఆమె తల ఇంకొంచెం పక్కకు తిప్పింది. "నడుమ నలుపు ఈ పొద్దు అందరికీ ఉండాది నాయనా. నాకొక్కదానికే కాదు."

ఆయన తలుపు గొళ్లెం మీద చెయ్యి వేశాడు. "ఆ పొద్దు తలుపేసింది నేనే. ఈ పొద్దు ఏసిందీ నేనే" అన్నాడు. ఆమె నవ్వింది. చీకట్లో ఆమె మొహం నాకు సరిగా కనబడలేదు, నవ్వు వినిపించింది. నాకు ఏడుపు ఆగలేదు, ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

అక్కడితో అయిపోయిందనుకుంటే అది మేడమ్ కాదు. మరుసటి రోజు పొద్దున్నే నా క్యాలెండరు గోడ మీంచి పీకి తీసుకుని ఇంటింటికీ బయలుదేరింది. ఆడపిల్లలందర్నీ గుమ్మంలో నిలబెట్టి, ఒక కన్ను మూయించి, అంకెలు చదివించింది. తర్వాత రెండో కన్ను. అవ్వలకు అంకెలు రాకపోతే దేవుడి బొమ్మలో ఎన్ని చేతులున్నాయో చెప్పమంది. చివరి ఇల్లు షమీమ్‌ది. అక్కడినుంచి వీధి మధ్యలోకి వచ్చి నిలబడి, లెక్చరరు అన్న సంగతి మరిచిపోయి, క్యాలెండరు రెండు చేతులతో పైకెత్తి అరిచింది: "అందరి కళ్లూ ఉండాయి!"

వీధి వీధంతా ఈల వేసింది. రంగమ్మవ్వకు ఈల రాదు కాబట్టి పళ్లెం మోగించింది.

సుజాతకు ఆడపిల్ల పుట్టింది. పెదవి కొంచెమూ చీలలేదు, గులాబీ రేకులాగా ఉంది. మేడమ్ చూడబోయి అలవాటు ప్రకారం కుడి కన్ను మూసి పాపను కోడిచూపు చూసింది. "ముఖం లేదు గాని, చెవులు బంగారంగా ఉండాయి" అంది. బాలింత నవ్వి నవ్వి పొట్ట పట్టుకుంది.

ఇదంతా కంటి డాక్టరుకు చెప్పాను. బయట పేషెంట్లు గొణుక్కుంటున్నా అతను చివరి దాకా విన్నాడు. ఆ అద్దం ఇప్పుడు ఎక్కడుంది, ఒకసారి చూడొచ్చా అని అడిగాడు. రంగమ్మవ్వ ట్రంకుపెట్టెలో, ఆ తెల్ల పట్టులోనే చుట్టి ఉందని చెప్పాను. వచ్చే గ్రహణానికి మా వీధికి రమ్మన్నాను. అయితే వేళకు రావాలి, ఆలస్యమైతే బయటే నిలబడాల్సి వస్తుంది. మా వీధిలో గ్రహణం పూట ఇప్పటికీ సందు లేకుండా తలుపులు వేసుకుంటారు, సూర్యుడు బాగా కనబడాలని.